పాలు మనవి, తోడు ఆ ఊరిది



నేను పాటలు రాసి, బాణీ కట్టుకుని, గిటార్ మీద పాడుకునే మనిషిని. ఉండేది విశాఖపట్నంలో. సినిమాలకి పాడలేదు. అవకాశం రాకా, ఇష్టం లేకా అని అడుగుతారేమో. రెండూ కొంచెం కొంచెం ఉన్నాయనుకోండి. మాలాంటి వాళ్ళని ఈమధ్య ఇండిపెండెంట్ మ్యుజీషియన్లు అంటున్నారు. అంటే మా వెనక కంపెనీ ఉండదు. మేనేజర్ ఉండడు. పాట మేమే రాసుకోవాలి. పోస్టర్ మేమే వేయించుకోవాలి. రైలు టికెట్ మేమే కొనుక్కోవాలి. కచేరీ అయ్యాక వైర్లు చుట్టుకోవడం కూడా మా పనే.

సొంత ఊళ్ళో పాడితే కుర్చీలు ఎలాగో నిండుతాయి. చుట్టాలు వస్తారు. స్నేహితులు వస్తారు. మన దగ్గర గిటార్ నేర్చుకునే పిల్లలు వస్తారు, వాళ్ళని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా మొహమాటానికి కాసేపు కూర్చుంటారు. కొత్త ఊరు వెళ్తే ఈ మొహమాటం ఉండదు. అక్కడ మనం ఎవరికీ ఏమీ కాం. హాలు అద్దె కట్టి, పోస్టర్ అంటించి, స్టేజీ ఎక్కి చూస్తే ముందు వరసలో హాలు వాచ్‌మన్, వెనక వరసలో సౌండ్ కుర్రాడు. ఇలా పాడి వచ్చిన వాళ్ళు మా రంగంలో ఎంతో మంది ఉన్నారు. వాళ్ళ పాట బాగాలేక కాదు. ఊరికి వాళ్ళెవరో తెలియక.

మరి కొత్త ఊళ్ళో కచేరీ ఎలా నిలబెట్టాలి? ఇవాళ మీకు చెప్పదలుచుకున్నది ఆ ఒక్క సంగతే.

కొత్త ఇంట్లోకి మారతాం. సామాను ఇంకా విప్పలేదు. పాలు మాత్రం కాచాం. గోరువెచ్చగా చల్లారాయి కూడా. తోడు వేద్దామంటే ఇంట్లో చెంచాడు పెరుగు లేదు. అప్పుడేం చేస్తాం? చిన్న గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు తడతాం. "ఏవండీ, కాస్త తోడు ఉంటే పెడతారా?" అంటాం. ఆవిడ లోపలికెళ్ళి ఒక చెంచా పెరుగు తెచ్చి వేస్తుంది. పొద్దున్నకి గిన్నె నిండా పెరుగు. పాలు మనవే. తోడు మాత్రం ఆ వీధిది.

కొత్త ఊళ్ళో కచేరీ కూడా అంతే. పాట మనదే. కానీ ఆ ఊళ్ళో అప్పటికే పాడుతున్న మనిషి ఒకరు మన పక్కన ఉండాలి. ఆ ఊరి కళాకారుణ్ణి వెతికి పట్టుకుని, "సాయంత్రం ఇద్దరం కలిసి పంచుకుందామా?" అని అడగాలి. వేదిక ఒకటే, టికెట్ ఒకటే, సగం సేపు అతను, సగం సేపు మనం. ఈ ఒక్క పని చేస్తే కొత్త ఊరు సగం పాతదవుతుంది. చెయ్యకపోతే మాత్రం ఎంత పెద్ద పోస్టర్ వేసినా లాభం లేదు. ఇది నా అభిప్రాయం కాదు, పాడి చూసి తేల్చుకున్న మాట.

ఎలా జరుగుతుందో ఒక ఊరి కథ చెప్తాను. ఆ ఊరు కలకత్తా. ఇప్పుడు కోల్‌కతా అంటున్నాం, కానీ ఉత్తరాంధ్ర నోటికి ఇంకా కలకత్తాయే.

మా టూర్‌లో భువనేశ్వర్ ఉంది, ఆ తర్వాత కలకత్తా, తిరుగు దారిలో ఖరగ్‌పూర్. భువనేశ్వర్‌లో స్నేహితులున్నారు. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళున్నారు. కలకత్తాలోనే ఎవరూ లేరు. అయినా ఆ ఊరు నేనే ఎంచుకున్నాను. కారణం ఉంది. బయటి గొంతుకి చోటిచ్చిన ఊరది. ఉషా ఉతుప్ గారు తమిళ కుటుంబంలో పుట్టి ముంబైలో పెరిగారు. 1969లో కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో ట్రింకాస్ అనే రెస్టారెంట్‌లో పాడటానికి వచ్చారు. కంచిపట్టు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, ఇంగ్లీషు పాప్ పాటలు పాడారు. ఆ ఊరు ఆవిడని దీదీ అని పిలుచుకుంది, తన మనిషిగా చేసుకుంది.

ఇంకో సంగతి. సినిమాతో సంబంధం లేకుండా సొంత పాటలు రాసుకుని పాడే బృందాలు ఆ ఊళ్ళో చాలా ముందే మొదలయ్యాయి. 1970ల మధ్యలో గౌతమ్ చటోపాధ్యాయ్, ఆయన మిత్రులు కలిసి మొహీనేర్ ఘొరాగులి అని ఒక బృందం పెట్టారు. ఆ రోజుల్లో వాళ్ళని వినిపించుకున్న వాళ్ళు తక్కువ. కొన్నేళ్ళకే బృందం చెదిరిపోయింది. తర్వాత 1995లో గౌతమ్ గారు కొత్త కుర్రాళ్ళని పోగుచేసి, వాళ్ళ గొంతులతో ఒక ఆల్బమ్ తెచ్చారు. దాంతో ఆ పాటలు ఇంటింటికీ వెళ్ళాయి. అందులో ఒక బాణీ 2006లో గ్యాంగ్‌స్టర్ అనే హిందీ సినిమాలోకి కూడా ఎక్కింది. అలాంటి ఊళ్ళో ఒక్కసారైనా పాడాలని ఎవరికుండదు చెప్పండి?

సరే, ఎవర్ని అడగాలి? నేను చేసిన పని ఇది. ఇంటర్నెట్‌లో కలకత్తా కుర్రాళ్ళ పాటలు విన్నాను. ఊరికే తిప్పేయడం కాదు, కూర్చుని విన్నాను. పెద్ద పేరున్న వాళ్ళని పక్కన పెట్టాను. వాళ్ళకి మన అవసరం ఉండదు, మనకి వాళ్ళు అందరు. మన మెట్టు మీదే ఉన్నవాళ్ళు కావాలి. ఒకతను దొరికాడు. దొతారా వాయిస్తూ పాడతాడు. దొతారా అంటే బెంగాల్ పల్లెల వాయిద్యం. చెక్క బుర్ర మీద తోలు బిగించి ఉంటుంది, చిన్న పలకతో మీటుతారు. ఊరూరా తిరిగి పాడే బావుల్ గాయకుల చేతుల్లో చూసే ఉంటారు. ఇతను బావుల్ కాదు, ఆఫీసులో ఉద్యోగం చేసుకునే కుర్రాడు. సొంత పాటలు రాసుకుంటాడు. గొంతు నెమ్మది, మాట చురుకు.

అతనికి ఉత్తరం రాశాను. ఈమెయిలే లెండి. అందులో నా గొప్పలు రాయలేదు. నీ ఫలానా పాట విన్నాను, రెండో చరణంలో దొతారా ఆపేసి ఉత్త గొంతుతో పాడావే, అది నచ్చింది అని రాశాను. ఫలానా నెలలో మీ ఊరు వస్తున్నాను, ఒక సాయంత్రం పంచుకుందామా, వచ్చిన డబ్బు చెరి సగం అన్నాను. నువ్వు విశాఖపట్నం వస్తే ఇక్కడ ఏర్పాట్లన్నీ నావి అని కూడా రాశాను. ఈ చివరి మాట ముఖ్యం. శ్రోతల్లో పాడేవాళ్ళెవరైనా ఉంటే ఇది గుర్తు పెట్టుకోండి. నా కచేరీకి ముందు కాసేపు పాడతావా అని అడిగితే అది పని చెప్పడం అవుతుంది. మా ఊరు వస్తే నేనున్నాను అంటే అది ఇచ్చిపుచ్చుకోవడం.

మర్నాడే ఫోన్ చేశాడు. మొదటి మాటే, "ఆ తారీఖు వద్దు" అన్నాడు.

నేను శనివారం అనుకున్నాను. మనకి శనివారం సాయంత్రం అంటే జనం తీరిగ్గా ఉండే రోజు కదా. "ఆ శనివారం డెర్బీ" అన్నాడతను. డెర్బీ అంటే మోహన్ బగాన్‌కీ ఈస్ట్ బెంగాల్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్. ఆ రోజు కలకత్తాలో సగం ఊరు సాల్ట్ లేక్ స్టేడియంలో ఉంటుంది, మిగతా సగం టీవీ ముందు. మోహన్ బగాన్ గెలిస్తే వాళ్ళ ఇళ్ళల్లో రొయ్యలు వండుతారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస వండుతారు. అవును, మన గోదావరి పులసే. వాళ్ళు ఇలిష్ అంటారు. ఆ వేళ తెలుగు పాట వినడానికి ఎవరొస్తారు? "పోనీ జనవరి చివర?" అన్నాను. నవ్వాడు. డోవర్ లేన్ సంగీత సమ్మేళనం అప్పుడే. 1952 నుంచీ జరుగుతోంది. రాత్రంతా హిందుస్తానీ కచేరీలు. సంగీతం ఇష్టపడే వాళ్ళు రగ్గులు కప్పుకుని అక్కడే తెల్లవార్లూ కూర్చుంటారు. ఆ వెంటనే పుస్తకాల సంత. జనం చేతిలో డబ్బులన్నీ పుస్తకాలకే. చివరికి డిసెంబర్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఖాయం చేశాడు.

చూశారా? విశాఖలో కూర్చుని క్యాలెండర్ చూసి నేను ఎంచుకున్న రోజు పైకి మంచి రోజే. లోపలి సంగతి ఊళ్ళో ఉన్నవాడికే తెలుస్తుంది. మన ఊళ్ళల్లో మాత్రం? సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున విశాఖలో ఎవరైనా కచేరీ పెడితే ఎవరొస్తారు? బయటివాడికి ఆ సంగతి మనం చెప్పాలి. పాలు మనవే, తోడు ఆ ఊరిది.

విశాఖలో సాయంత్రం కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దెక్కాక కలకత్తా పక్కనున్న షాలిమార్ స్టేషన్లో దింపుతుంది. భువనేశ్వర్‌లో దిగి, అక్కడ పాడి, మరో రోజు అదే బండి పట్టుకున్నాను. స్లీపర్‌లో గిటార్‌కి కూడా ఒక చోటు కావాలి. పై బెర్తు తీసుకుని, తల దగ్గర దాన్ని పడుకోబెట్టి, కాళ్ళు ముడుచుకుని నేను పడుకున్నాను. తీగలు కొంచెం వదులు చేసి పెట్టడం మంచిది. రైల్లో ఎండా చలీ మారుతుంటే మెడ మీద ఒత్తిడి పడకుండా ఉంటుంది.

దిగింది అతని ఇంట్లోనే. లాడ్జి ఖర్చు తప్పింది. వాళ్ళమ్మగారు నన్ను చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "చేప తింటావా?" తింటానన్నాను. ఆవిడ మొహంలో నిశ్చింత. పొద్దున్న లూచీలు, ఆలూ దమ్, కొత్త ఈతబెల్లంతో చేసిన సందేశ్. చలికాలంలో మాత్రమే దొరికే బెల్లం అది. కచేరీ రోజున అంత తిని పాడటం మంచిది కాదు. తినకుండా లేవడం మాత్రం ఆ ఇంట్లో కుదరదు.

వేదిక దక్షిణ కలకత్తాలో ఒక చిన్న కేఫ్. మేడ మీద గది. యాభై మంది పడతారేమో. పాత ఇల్లు, ఎత్తయిన కప్పు, గోడలకి గచ్చు. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే చప్పుడు తిరిగి తిరిగి వస్తోంది. జనం వచ్చి కూర్చుంటే ఆ మోత తగ్గుతుందని తెలుసు. మనిషి ఒళ్ళూ, ఒంటి మీద బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. చలికాలం శాలువాలు అయితే ఇంకా నయం. అది కాదు మా బాధ. నా గిటార్ ప్లగ్ పెట్టగానే స్పీకర్లో బుర్రుమని ఒకటే మోత.  ఇది ఎర్తింగ్ గొడవ. వైరింగ్ పాతదైన చోట మాకు తరచూ ఎదురయ్యేదే. దీనికి డీఐ బాక్స్ అని అరచేతంత పెట్టె ఉంటుంది. గిటార్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టి, దాని మీద చిన్న మీట నొక్కితే చాలాసార్లు మోత పోతుంది. నా దగ్గర ఆ పెట్టె లేదు, కేఫ్‌లోనూ లేదు. ఆదివారం, దుకాణాలు మూసేశారు.

మా దొతారా కుర్రాడు ఒక ఫోన్ చేశాడు. అరగంటలో స్కూటర్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. మెడకి మఫ్లర్, తలకి కోతి టోపీ. జేబులోంచి ఆ పెట్టె తీశాడు. వేలంత స్క్రూడ్రైవర్ కూడా తీశాడు. గిటార్ అడుగున జాక్ దగ్గర వదులైన మర ఒకటి బిగించాడు. మీట నొక్కాడు. మోత ఆగింది. "పెట్టె రేపిస్తే చాలు" అన్నాడు. డబ్బు అడగలేదు. టీ తాగి, మెట్ల దగ్గర నిలబడి కచేరీ మొత్తం విని వెళ్ళాడు. నేనొక్కణ్ణే ఆ గదిలో ఉండి ఉంటే ఎవరికి ఫోన్ చేసేవాణ్ణి?

ఇక ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క వచ్చింది. టూర్ నాది. అంత దూరం నుంచి వచ్చింది నేను. చివర పాడే గౌరవం నాదేనని నేను లెక్క వేసుకుని వచ్చాను. అతను ఒప్పుకోలేదు. "ముందు నేను రెండు పాటలు పాడతాను. తర్వాత నువ్వు. చివర మళ్ళీ నేను" అన్నాడు. ఎందుకంటే, వచ్చే జనంలో ఎక్కువమంది అతని కోసం వస్తారు. అతను ముందే అంతా పాడేస్తే, వాళ్ళు చివరి మెట్రో అందుకోవడానికి లేచిపోతారు. అతను ఇంకా పాడాల్సి ఉందంటే కూర్చుంటారు. కూర్చున్నంతసేపూ నా పాట వింటారు. ఎంత చక్కటి లెక్క! స్టేజీ మీద చివర పాడే గౌరవం ఒకటి, చెవులు దొరికే వేళ ఒకటి. ఆ రెండూ వేరు వేరు. కొత్త ఊళ్ళో రెండోదాన్నే పట్టుకోవాలి. ఇది మళ్ళీ చెప్తున్నాను. కొత్త ఊళ్ళో మధ్యలో పాడండి. ఆ ఊరివాణ్ణి చివర పాడనివ్వండి.

సాయంత్రం అయింది. కుర్చీలు నిండాయి, కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. అతను రెండు పాటలు పాడి, నన్ను పరిచయం చేశాడు. ఆ పరిచయంలోనే ఉంది అంతా. మీకు తెలుసో లేదో, కలకత్తాలో తినే చేపల్లో చాలా భాగం మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి. ఐసు వేసి లారీల్లో హౌరా చేపల మార్కెట్‌కి పంపుతారు. కలకత్తావాళ్ళు ఆ చేప తింటూనే, మా చెరువు చేపంత రుచి లేదు, ఐసు చేప అని సణుగుతారు. అది అక్కడ పాత హాస్యం. ఇతను మైకు పట్టుకుని, "ఆంధ్రా నుంచి మనకి రోజూ చేప వస్తుంది. ఇవాళ పాట వచ్చింది. ఐసులో పెట్టలేదు, తాజాది" అన్నాడు. గది గదంతా నవ్వింది. నేను గిటార్ అందుకునేలోపే వాళ్ళకి నేను చుట్టాన్నయిపోయాను. ఆ ఒక్క మాట నేను నెలరోజులు ఆలోచించినా తట్టేది కాదు. తట్టినా నేనంటే నవ్వరు. వాళ్ళవాడు అన్నాడు కాబట్టి నవ్వారు.

ఆ ఊపులో ముందు ఏ పాట పాడాలో కూడా మార్చుకున్నాను. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం పాట పాడే ఆడవాళ్ళ మీద నాకొక పాట ఉంది. మామూలుగా దాన్ని చివర్లో పాడతాను. అక్కడ మొదటే పాడాను. పాడేముందు రెండు ముక్కలు చెప్పాను. బుట్ట ముందు నిలబడి ధర పెంచే ఆవిడ గొంతు ఎలా ఉంటుందో చేసి చూపించాను. మేం పండుగప్ప అనే చేపే మీ భేట్కీ అని చెప్పాను. "ఓహో" అన్నారు ముందు వరసలో. ఇక మాటలు అర్థం కాకపోయినా వాళ్ళకి సంగతి తెలుసు. పల్లవికి వచ్చేసరికి దొతారా నా వెనక కలిసింది. రిహార్సల్ లేదు. శ్రుతి ఒకటి చూసుకున్నాం, అంతే. రెండోసారి పల్లవి వచ్చినప్పుడు అతను ఒక చేత్తో జనానికి సైగ చేశాడు. వాళ్ళు అందుకున్నారు. తెలుగు పలుకు కొంచెం గుండ్రంగా, బెంగాలీ తీరులో వచ్చింది. నాకు అలాగే నచ్చింది.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. టికెట్ 300 రూపాయలు పెట్టాం. కేఫ్ వాటా పోగా మిగిలింది ఇద్దరం సగం సగం పంచుకున్నాం. రైలు చార్జీ వచ్చింది, పైన కొంచెం మిగిలింది. స్లీపర్‌లో వెళ్ళి, లాడ్జి లేకుండా గడిపాను కాబట్టి మిగిలింది. దీంతో ఎవరూ ధనవంతులు కారు. కానీ నా నోటు పుస్తకంలో ఆ రాత్రి పేర్లూ ఫోన్ నంబర్లూ రాసిన వాళ్ళున్నారు. మళ్ళీ వెళ్తే వాళ్ళు వస్తారు. రెండోసారికి ఆ ఊరు కొత్తది కాదు.

ఇప్పుడు ఖరగ్‌పూర్ సంగతి వినండి. హౌరా నుంచి లోకల్ రైల్లో 115 కిలోమీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఆ స్టేషన్‌దే, 1072 మీటర్లు. గిటార్ భుజాన వేసుకుని దాని మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడిచిన వాళ్ళకి ఆ రికార్డు బాగా గుర్తుంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రైల్వే పనులకి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. తెలుగువాళ్ళే కదా, ఇక్కడ తోడు ఎందుకు అనుకున్నాం. భాష ఒకటే అయితే చాలనిపిస్తుంది. చాలదు.

కమ్యూనిటీ హాల్లో నేను సామాను సర్దుకుంటుంటే, రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. "ఏటి బాబూ, సినిమా పాటలు పాడవా?" అన్నారు. నా పాటలు నేనే రాసుకుంటానండీ అన్నాను. కాసేపు ఆలోచించారు. "అలగైతే మా భజన మేళాన్ని ముందు కూకోబెట్టు. ఆళ్ళు రెండు పాడతారు. ఆళ్ళు కూకుంటే ఊరు కూకుంటాది. ఆ మీదట నీ ఇష్టం" అన్నారు. అలాగే చేశాం. హార్మోనియం, డోలక్కు, తాళాలు. డోలక్కు వాయించిన కుర్రాడు నా పాటలకి కూడా వాయించాడు. మధ్యలో సినిమా పాట పాడమని చీటీలు వచ్చాయి. ఒకటి పాడాను. మా పెద్దాయన లేచి, "ఇంక చాలు, పిల్లడి పాట ఇనండి" అన్నారు. ఆ మాటకి అడ్డు లేదు. తెలుగు రాని కలకత్తా గది నా పాటలే విన్నది. తెలుగు గది సినిమా పాట అడిగింది. నాకు తమాషాగా అనిపించింది. రెండుచోట్లా నన్ను గట్టెక్కించింది మాత్రం ఆ ఊరి మనిషే.

ఇదేదో నేను కనిపెట్టిన కొత్త పద్ధతి కాదు. మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. కర్ణాటక సంగీతంలో గాయకుడు ఒక ఊరి నుంచి వస్తాడు. వయొలిన్, మృదంగం వాయించే వాళ్ళని సభవాళ్ళు ఏర్పాటు చేస్తారు. చాలాసార్లు రిహార్సల్ ఉండదు. వేదిక మీదే మొదటి పలకరింపు. ఆ ఊరి మృదంగం పక్కన ఉందంటే, ఆయన శిష్యులూ ఇంట్లోవాళ్ళూ ముందు వరసలో ఉన్నట్టే. పద్య నాటకాల్లో కాంట్రాక్టు పద్ధతి ఉండేది. కృష్ణుడు ఒక ఊరివాడు, అర్జునుడు ఇంకో ఊరివాడు. నాటకం రోజున కలుసుకునేవాళ్ళు. పద్యం వచ్చు, హార్మోనియం శ్రుతి ఇస్తుంది, ఆట నడుస్తుంది. మనం మైకులూ స్పీకర్లూ వచ్చాక ఒంటరిగా వెళ్ళడం నేర్చుకున్నాం. అది మనకి కలిసి రాలేదు.

ఇందులో ఒక షరతు ఉంది. తోడు తెచ్చుకున్న గిన్నెని ఖాళీగా తిరిగివ్వం కదా. అందులో ఇంత పంచదారో, నాలుగు పళ్ళో వేసి ఇస్తాం. ఇక్కడా అంతే. ఆ దొతారా కుర్రాడు విశాఖపట్నం వచ్చాడు. మా ఇంట్లో ఉన్నాడు. మా ఊళ్ళో ఎప్పుడు కచేరీ పెట్టకూడదో నేను చెప్పాను. జనాన్ని నేను పిలిచాను. ముందు నేను రెండు పాటలు పాడాను, మధ్యలో అతను, చివర నేను. ఇక్కడ ఐసు చేప హాస్యం పనిచెయ్యదు. అతను ఉప్పాడ చీర ఒకటి వాళ్ళమ్మకి కొన్నాడని చెప్పాను, మా ఆడవాళ్ళు ధర ఎంతని అడిగారు. దాంతో అతను కూడా మాకు చుట్టమైపోయాడు. ఇలా తిరిగి ఇవ్వని వాళ్ళు ఈ రంగంలో ఉన్నారు. వాళ్ళ ఫోన్లు రెండోసారి ఎవరూ ఎత్తరు.

ఒక చిన్న జాగ్రత్త కూడా చెప్తాను. డబ్బు మాట ముందే తేల్చుకోండి. చెరి సగమా, ఖర్చులు తీసేశాకా, తీయకముందా? కేఫ్‌వాళ్ళ వాటా ఎంత? రాసుకోండి. స్నేహంలో లెక్కలేమిటని మొహమాటపడితే కచేరీ అయ్యాక స్నేహం కూడా ఉండదు. టికెట్ పెట్టిన కచేరీలో ఎవరైనా సినిమా పాట పాడేటట్టయితే, ఆ పాట హక్కుల లైసెన్సు సంగతి కూడా నిర్వాహకుణ్ణి అడగండి. మన దేశంలో ఐపీఆర్‌ఎస్ అనే సంఘం 1969 నుంచీ పాట రాసినవాళ్ళ తరఫున ఆ పని చూస్తోంది. మీరు సొంత పాటలు రాసేవాళ్ళయితే మీరూ అందులో సభ్యులు కావచ్చు. ఇంకొకటి, రాత్రి పదింటి తర్వాత ఆరుబయట మామూలుగా లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. కచేరీ తొమ్మిదిన్నరకల్లా అయిపోయేలా వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పాడేవాళ్ళకే కాదు ఈ మాట. కొత్త ఊళ్ళో నాటకం వెయ్యాలనుకునే వాళ్ళకీ, బొమ్మల ప్రదర్శన పెట్టాలనుకునే వాళ్ళకీ, చేనేత చీరలు తీసుకెళ్ళి అమ్ముకునే వాళ్ళకీ ఇదే దారి. ముందు ఆ ఊళ్ళో అదే పని చేసుకునే మనిషిని వెతకండి. పోటీ అనుకోకండి. తలుపు తట్టండి. పాలు మనవి, తోడు ఆ ఊరిది.

ఇక వినే శ్రోతలకి ఒక మనవి. మీ ఊళ్ళో సొంతంగా పాటలు కట్టి పాడుకునే అబ్బాయో అమ్మాయో తప్పకుండా ఉంటారు. వాళ్ళు ఎవరో ఊరు కాని ఊరి పాటగాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చిన్న హాల్లో కచేరీ పెట్టామని కబురు చేస్తే, ఆ భాష మనకి రాదు కదా అని ఊరుకోకండి. టికెట్ కొనుక్కుని వెళ్ళండి. కొంచెం ముందే వెళ్ళి ముందు వరసలో కూర్చోండి. వీలైతే ఆ అతిథికి ఆ పూట మీ ఇంట్లో భోజనం పెట్టండి.